మాన్యం, మర్యాద, భత్యం: గోదావరి డెల్టాలో స్వచ్ఛంద రక్షకసేవ ప్రయోజనాలు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

శాశ్వత పోలీసు ఉద్యోగి కాకుండానే శాంతిభద్రతల పనిలో పాల్గొనే వ్యక్తిని మన సమాజం భిన్నకాలాల్లో భిన్నమైన పేర్లతో పిలిచింది. తలారి, ముఠాదారు, కాంగ్రెసు వాలంటీరు, ప్రత్యేక పోలీసు అధికారి, హోంగార్డు అన్నవి ఆ పేర్లలో కొన్ని. ఈ సేవకు ప్రతిఫలంగా మొదట భూమి, తరువాత సమాజగౌరవం, ఆ తరువాత రోజు భత్యం లభించాయి. ఈ మూడు ప్రతిఫలాల ఆధారంగా గోదావరి డెల్టాలోనూ దానికి ఎగువనున్న మన్యంలోనూ స్వచ్ఛంద రక్షకసేవ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ సేవ వల్ల ప్రభుత్వానికి, సమాజానికి, సేవకుడికి కలిగిన ప్రయోజనాలను విడివిడిగా విశ్లేషిస్తుంది. సేవకుడికి వేరొక జీవనాధారం ఉన్నంతకాలం ఈ మూడు ప్రయోజనాలు సమతూకంలో నిలిచాయనీ, సేవే జీవనాధారంగా మారినప్పుడు ఆ తూకం ప్రభుత్వం వైపు ఒరిగిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గోదావరి డెల్టా, స్వచ్ఛంద రక్షకసేవ, ముఠాదారీ, హిందూస్థానీ సేవాదళ్, హోంగార్డులు, గౌరవ వేతనం, పుష్కరాలు.

1. ఉపోద్ఘాతం

పోలీసు వ్యవస్థ చరిత్రను సాధారణంగా చట్టాలు, అధికారులు, ఠాణాల చరిత్రగా రాస్తారు. ఠాణా రికార్డుల్లో ఉద్యోగిగా కనిపించని వ్యక్తి ఆ చరిత్రలో అంచున మిగిలిపోతాడు. అయితే గోదావరి జిల్లాల్లో ఏటిగట్టుకు గండి పడే ప్రమాదం ఏర్పడినప్పుడు, అంతర్వేది రథోత్సవానికి జనం పోటెత్తినప్పుడు, పుష్కరస్నానానికి లక్షలమంది రాజమహేంద్రవరం చేరినప్పుడు క్రమాన్ని నిలిపే పనిలో గణనీయమైన భాగం ఈ అంచున ఉన్నవారి మీదే పడుతుంది.

స్వచ్ఛందంగా పోలీసు విధుల్లో చేరడం వల్ల కలిగే ప్రయోజనాలేమిటన్న ప్రశ్నకు ప్రచారపత్రాలు సిద్ధంగా ఉంచే సమాధానాలు కొన్ని ఉన్నాయి. క్రమశిక్షణ అలవడుతుంది, సమాజసేవ చేసిన తృప్తి కలుగుతుంది, ఉద్యోగావకాశాలు పెరుగుతాయి అని అవి చెబుతాయి. ఈ సమాధానాలు అబద్ధాలు కావు. అయితే అవి ప్రశ్నలో సగాన్నే తాకుతాయి. ప్రయోజనం ఎవరికి, ఏ నిబంధనల మీద, ఎంతకాలం అన్నది మిగిలిన సగం. దానికి జవాబు చరిత్రలో వెతకవలసి ఉంటుంది.

గోదావరి డెల్టా ఈ పరిశీలనకు అనువైన ప్రాంతం. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఇక్కడ నీటిమీద ఆధారపడిన సాంద్ర వ్యావసాయిక సమాజాన్ని పెంచింది. డెల్టాకు ఎగువన రంప, గూడెం ప్రాంతాల మన్యం ఉంది. తీరాన తుపానులకు ఎదురొడ్డే మత్స్యకార గ్రామాలున్నాయి. 1925లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో మరిన్ని జిల్లాలుగా మారింది. పాలనాసరిహద్దులు ఎలా మారినా నది, తుపాను, తీర్థం అనే మూడు సందర్భాలు స్థానికుల సహాయం లేకుండా పోలీసు యంత్రాంగం పని చేయలేని స్థితిని ఇక్కడ నిరంతరం కల్పిస్తూనే ఉన్నాయి.

2. మాన్యం: భూమికి బదులుగా కాపలా

ఆధునిక పోలీసు వ్యవస్థ రాకముందు గ్రామరక్షణ ఊరి సేవావ్యవస్థలో భాగం. మునసబు, కరణం, తలారి, వెట్టి మొదలైనవారికి ఊరిలో నిర్దిష్టమైన పనులు, వాటికి బదులుగా మాన్యాలు, కళ్ళాల్లో ధాన్యభాగాలు ఉండేవి. తలారి రాత్రి కాపలా కాయాలి, కొత్తవారి రాకపోకలను గమనించాలి, దొంగతనం జరిగితే జాడ తీయాలి. మద్రాసు ప్రభుత్వం 1816 నాటి 11వ రెగ్యులేషన్ ద్వారా ఈ గ్రామవ్యవస్థనే తన పోలీసు వ్యవస్థకు పునాదిగా స్వీకరించింది. దరోగాల నుంచి పోలీసు బాధ్యతలు కలెక్టర్లకు, తహసీల్దార్లకు, గ్రామాధికారులకు మారాయి. గ్రామ మునసబు తన గ్రామంలో పోలీసు అధికారి కూడా అయ్యాడు.

ఈ ఏర్పాటును నేటి అర్థంలో స్వచ్ఛందమని అనలేం. తలారి పని వంశపారంపర్యంగా సంక్రమించేది. వెట్టి అన్న మాటలోనే బలవంతపు చాకిరి అర్థం స్థిరపడింది. కులవ్యవస్థ నిర్ణయించిన స్థానాన్ని వదులుకునే స్వేచ్ఛ అతనికి దాదాపుగా లేదు. అయినా దీని నిర్మాణంలో గమనించవలసిన అంశం ఒకటుంది. రక్షకసేవ చేసేవాడు పూర్తికాలపు భటుడు కాడు. అతనికి భూమి ఉంది, పంటలో వాటా ఉంది, ఊరితో సంబంధం ఉంది. తక్కువ ఖర్చుతో స్థానిక సమాచారం అందడం ప్రభుత్వానికి లాభం. సేవకుడికి భూమిమీద హక్కు, ఊరిలో ఒక స్థానం దక్కాయి.

మన్యంలో ఇదే సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రంప ప్రాంతంలో ముఠాదారులు తమ ముఠాలను అనుభవించే హక్కుకు ప్రతిగా శాంతిని కాపాడే బాధ్యత వహించేవారు. 1879 మార్చిలో మొదలైన రంప పితూరీకి మన్సబుదారు దోపిడి, కల్లు మీద పన్ను, పోలీసుల వసూళ్ళు ప్రధాన కారణాలుగా నిలిచాయి. పితూరీ అణచివేత తరువాత ప్రభుత్వం మన్సబుదారును తొలగించి ముఠాదారులకు నేరుగా సన్నదులిచ్చింది. నేరస్థుల సమాచారం అందించడం, పితూరీలను అణచడంలో సహకరించడం వారి బాధ్యతల్లో చేరాయి. తిరుగుబాటు చేసిన ప్రాంతంలోనే రక్షకసేవకు భూమిని ప్రతిఫలంగా స్థిరపరచడం ద్వారా ప్రభుత్వం శాంతిని సంపాదించాలనుకుంది.

ఈ బంధం రెండువైపులా నిలిస్తేనే పని చేస్తుందనడానికి 1922 నాటి మన్యం తిరుగుబాటు ఉదాహరణ. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డుపనులకు గిరిజనులను అతితక్కువ కూలికి వాడుకున్నాడు. అల్లూరి సీతారామరాజు ప్రధాన అనుచరుల్లో ఒకడైన గాం గంటందొర బట్టిపనుకుల ముఠాదారీని కోల్పోయినవాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. శాంతిని కాపాడే బాధ్యతతో భూమిని అనుభవించిన వర్గానికి చెందిన వ్యక్తి ఆ ఠాణాల మీద దాడి చేసినవారిలో చేరాడు. ప్రతిఫలాన్ని రద్దుచేసి విధేయతను మాత్రం కోరిన ప్రభుత్వం తన కాపలాదారునే శత్రువుగా మార్చుకుందని దీనినిబట్టి చెప్పవచ్చు. తిరుగుబాటుకు ఇదొక్కటే కారణం కాదు. అటవీ ఆంక్షలు, పోడు వ్యవసాయం మీద నిషేధం, బలవంతపు చాకిరి కూడా దానివెనుక ఉన్నాయి. అయితే స్థానిక రక్షకసేవ దేనిమీద నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ సంఘటన సూటిగా సమాధానమిస్తుంది.

3. మర్యాద: కాకినాడ నేర్పిన క్రమశిక్షణ

సహాయనిరాకరణ ఉద్యమకాలంలో ఒక కొత్తరకం రక్షకసేవకుడు రంగంలోకి వచ్చాడు. అతనికి మాన్యం లేదు, జీతం లేదు, ప్రభుత్వ అధికారమూ లేదు. పొరుగున ఉన్న కృష్ణాతీరంలో 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు జనసందోహాన్ని అదుపులో ఉంచింది. అదే ఏడాది చివర దేశంలోని పలు ప్రాంతాల్లో ప్రభుత్వం కాంగ్రెసు, ఖిలాఫత్ వాలంటీరు దళాలను 1908 నాటి చట్టసవరణ కింద చట్టవిరుద్ధ సంస్థలుగా ప్రకటించింది. జనాన్ని అదుపులో ఉంచగల శక్తి ప్రభుత్వేతర సంస్థకు ఉండడం పాలకులకు ఎంత ఆందోళన కలిగించిందో ఈ నిషేధాలు చూపుతాయి.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చరిత్రలో మైలురాయి. డాక్టర్ ఎన్.ఎస్. హార్డీకర్ చొరవతో, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన వాలంటీర్ల సమావేశం ఇక్కడే జరిగింది. హిందూస్థానీ సేవాదళ్ అక్కడ రూపుదిద్దుకుంది. అంతకుముందు ప్రతి మహాసభకూ స్థానికంగా వాలంటీర్లను సమకూర్చుకునేవారు. సభ ముగియగానే ఆ దళం చెదిరిపోయేది. శిక్షణ, కవాతు, స్థిరమైన నిర్మాణం గల దేశవ్యాప్త దళం కావాలన్నది కొత్త ఆలోచన. అహింసను నమ్మిన సంస్థలోకి సైనికధోరణి ప్రవేశిస్తుందేమోనని కొందరు కాంగ్రెసువాదులు దీనిపట్ల అభ్యంతరం తెలిపారు. క్రమశిక్షణకూ బలప్రయోగానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ఆ చర్చ నేటి స్వచ్ఛంద రక్షకదళాలకూ వర్తిస్తుంది.

ఆ మహాసభతోపాటు జరిగిన ఖద్దరు ప్రదర్శనలో ఒక చిన్న సంఘటన తెలుగునాట సుపరిచితం. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి అప్పుడు పద్నాలుగేళ్ళ బాలిక. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపకూడదన్నది వాలంటీరుగా ఆమెకు అప్పగించిన పని. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూను ఆమె ఆపింది. నిర్వాహకులు కోపగించుకున్నా వెనక్కి తగ్గలేదు. టిక్కెట్టు తెచ్చిన తరువాతే ఆయనను లోపలికి అనుమతించింది. నెహ్రూ ఆమె విధినిర్వహణను మెచ్చుకున్నాడు.

ఈ సంఘటనను బాలిక ధైర్యానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. రక్షకసేవ చరిత్రలో దాని అర్థం ఇంకొంత విస్తృతమైనది. ద్వారం దగ్గర నిలబడిన వ్యక్తికి ఆయుధం లేదు, చట్టం ఇచ్చిన అధికారం లేదు. ఆమెకున్నది నియమం ఒక్కటే. ఆ నియమం అందరికీ సమానంగా వర్తిస్తుందన్న నమ్మకంతో ఆమె నిలబడింది. అవతలివ్యక్తి ఆ నియమానికి తలవంచాడు. సేవకురాలికి దక్కిన ప్రతిఫలం గౌరవం. ఆ గౌరవం ఆమెను ప్రజాజీవితంలోకి నడిపించిన దారుల్లో ఒకటి. ఉప్పుసత్యాగ్రహంలో జైలుజీవితం, న్యాయవాద విద్య, ఆంధ్ర మహిళాసభ స్థాపన, రాజ్యాంగసభ సభ్యత్వం, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షత ఆ దారిలో తరువాతి మజిలీలు. స్వచ్ఛందసేవ వ్యక్తికి చేసే మేలుకు గోదావరి తీరం ఇంతకంటే మంచి ఉదాహరణను చూపలేదు.

ఈ నమూనాకు పరిమితి కూడా ఉంది. ప్రతిఫలం లేని సేవ చేయగలిగినవారు ఇంట్లో తిండికి లోటులేనివారో, ఉద్యమం కోసం లేమిని భరించడానికి సిద్ధపడినవారో అయి ఉండాలి. కూలిపనిమీద బతికే కుటుంబానికి అది రోజులతరబడి సాధ్యపడదు. గౌరవం ఒక్కటే ప్రతిఫలమైతే సేవ చేసే అవకాశం కూడా కొన్ని వర్గాలకే పరిమితమవుతుంది.

4. చట్టంలోకి వచ్చిన స్వచ్ఛందసేవ

వలసప్రభుత్వానికి కూడా అవసరకాలంలో పౌరుల సహాయం కావలసివచ్చింది. అయితే దాని పద్ధతి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1859లోనే జిల్లా పోలీసు చట్టం వచ్చింది. 1861 నాటి పోలీసు చట్టం 17వ సెక్షను ప్రకారం అల్లర్లు జరిగే ప్రమాదమున్నప్పుడు, ఉన్న పోలీసుబలం చాలనప్పుడు స్థానికులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించవచ్చు. 18వ సెక్షను వారికి సాధారణ పోలీసుల అధికారాలనూ రక్షణలనూ ఇచ్చింది. 19వ సెక్షను సరైన కారణం లేకుండా సేవను నిరాకరించినవారికి 50 రూపాయల వరకు జరిమానా విధించింది. పౌరసేవ అనే మాటవెనుక శిక్షాభయం ఉన్న ఈ ఏర్పాటును, శిక్షలేకుండా పద్నాలుగేళ్ళ బాలిక నిర్వహించిన విధితో పోల్చి చూస్తే రెండు సంప్రదాయాల మధ్య తేడా తెలుస్తుంది.

స్వాతంత్ర్యం సమీపించిన రోజుల్లో ఈ రెండు ధోరణులూ ఒకచోట కలిశాయి. మతకల్లోలాల మధ్య 1946 డిసెంబరులో బొంబాయిలో హోంగార్డు దళం ఏర్పడింది. డిసెంబరు 6ను నేటికీ దేశవ్యాప్తంగా హోంగార్డుల దినంగా జరుపుతున్నారు. మద్రాసు రాష్ట్రంలో 1948లో హోంగార్డుల చట్టం వచ్చింది. అదే చట్టం తరువాత ఆంధ్రప్రాంతానికి సంక్రమించింది. 1962లో చైనాతో యుద్ధం జరిగిన తరువాత రాష్ట్రాల్లోని వివిధ స్వచ్ఛంద దళాలను ఒకే తరహా హోంగార్డు వ్యవస్థగా మలచాలని కేంద్రం సూచించింది. పోలీసులకు సహాయపడడం, వైమానిక దాడులు, అగ్నిప్రమాదాలు, వరదలు, తుపానులు, అంటువ్యాధుల సమయంలో ప్రజలను ఆదుకోవడం, అత్యవసర సేవలను నడపడం, మతసామరస్యాన్ని పెంపొందించడం ఈ దళాల విధులుగా నిర్ణయమయ్యాయి.

మూల భావన ప్రకారం హోంగార్డు అన్ని వృత్తులనుంచి వచ్చే పౌరుడు. రైతు, ఉపాధ్యాయుడు, వ్యాపారి, గుమాస్తా తమతమ పనులు చేసుకుంటూ, పిలిచినప్పుడు ఖాకీ ధరించి, అవసరం తీరగానే ఇంటికి వెళ్ళాలి. పిలుపుమీద విధిలో ఉన్నంతసేపు పోలీసు అధికారం ఉంటుంది. విధి ముగియగానే అది ముగుస్తుంది. పోగొట్టుకున్న రోజు సంపాదనకు పరిహారంగా భత్యం ఇస్తారు. బ్రిటన్‌లో 1831 నాటి చట్టంలో వేళ్ళూనిన స్పెషల్ కానిస్టేబుళ్ళ వ్యవస్థ ఈ భావనకు దగ్గరిది. అక్కడి స్పెషల్ కానిస్టేబుల్‌కు సాధారణ కానిస్టేబుల్‌కున్న అధికారాలే ఉంటాయి. అతను జీతం తీసుకోడు, వారంలో కొన్నిగంటలు పని చేసి తన ఉద్యోగానికి తిరిగివెళ్తాడు. హోంగార్డు చట్టాల ఉద్దేశం కూడా ఇటువంటిదే. ఆచరణ వేరే దారి పట్టింది.

5. నది, తుపాను, తీర్థం: సమాజానికి కలిగిన మేలు

గోదావరి వరద వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని ఏటిగట్ల మీద గస్తీ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. హెచ్చరిక జారీ చేయడం ఇంజనీర్ల పని. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో, ఏ లంకలో ముసలివారు ఒంటరిగా ఉన్నారో, ఏ రేవులో పడవ దొరుకుతుందో చెప్పగలిగేది స్థానికుడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గట్లను తెంచి డెల్టాను ముంచెత్తింది. అటువంటి రోజుల్లో దూరప్రాంతం నుంచి వచ్చిన సాయుధదళం కంటే ఊరి తోవలు తెలిసిన మనిషి విలువైనవాడు. 2022 జూలై వరదల్లోనూ లంకగ్రామాలవారిని గట్టుకు చేర్చే పనిలో ఈ స్థానికజ్ఞానమే అక్కరకు వచ్చింది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తుపాను తాకిన తొలిగంటల్లో కూలిన కొబ్బరిచెట్లు దారులను మూసివేస్తాయి, బయటినుంచి సహాయం చేరదు. అప్పటివరకు ఊరు తన మనుషులమీదే ఆధారపడాలి. ప్రథమచికిత్స, రక్షణపద్ధతులలో శిక్షణ పొందిన ఇద్దరుముగ్గురు ఊరిలో ఉండడం ప్రాణాలకూ మరణాలకూ మధ్య తేడా కాగలదు.

మూడవ సందర్భం తీర్థాలు, ఉత్సవాలు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, జగ్గన్నతోట ప్రభలతీర్థం, అన్నవరం, ద్వారకాతిరుమల యాత్రలు ఏటా వచ్చే పరీక్షలు. పన్నెండేళ్ళకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలు వాటన్నిటికంటే పెద్దవి. 2015 జూలై 14న, పుష్కరాల తొలిరోజు ఉదయం రాజమహేంద్రవరం పుష్కరఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది మరణించారు. ప్రభుత్వం జస్టిస్ సి.వై. సోమయాజులు ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. నగరంలో పోలీసుబలం పెద్దసంఖ్యలో ఉన్న రోజునే ఈ విషాదం జరిగింది. జనసమూహాన్ని నడిపించడానికి లాఠీల సంఖ్య సరిపోదు. జనం ఎటు కదులుతున్నారో గమనించి, ఖాళీగా ఉన్న ఘాట్ల వైపు మళ్ళించి, వృద్ధులను పక్కకు తప్పించే శిక్షితులు వీధివీధికీ కావాలి. స్వచ్ఛంద రక్షకసేవ సమాజానికి చేయగల మేలు ఈ విషాదం మిగిల్చిన వెలితిలో స్పష్టంగా కనిపిస్తుంది.

స్థానికతకు మరో ముఖం కూడా ఉంది. ఊరివాడు కావడం సమాచారానికి ఎంత అనుకూలమో నిష్పాక్షికతకు అంత సవాలు. సంక్రాంతికి భీమవరం పరిసరాల్లో కోడిపందాల బరులు వెలిసినప్పుడు బందోబస్తుకు వెళ్ళే హోంగార్డు బరి నడిపేవారికి బంధువో, వారి పొలంలో పని చేసే కుటుంబానికి చెందినవాడో కావచ్చు. కులఘర్షణ తలెత్తినప్పుడు అతను ఏ వాడనుంచి వచ్చాడన్నది అందరికీ తెలుసు. కాకినాడ ద్వారం దగ్గర కనిపించిన నియమనిష్ఠను ఇటువంటి స్థితిలో నిలబెట్టుకోవాలంటే సేవకుడికి శిక్షణతోపాటు తన పనిమీద భద్రత ఉండాలి. రేపు విధికి పిలుస్తారో లేదో తెలియని మనిషి పలుకుబడి గలవారిని ఆపడం కష్టం.

6. సేవకుడికి కలిగే ప్రయోజనాలు

వ్యక్తిస్థాయిలో కలిగే లాభాలను నాలుగు విధాలుగా చూడవచ్చు. మొదటిది జ్ఞానం. ఫిర్యాదు ఎలా నమోదవుతుంది, అరెస్టుకు ఏ నియమాలున్నాయి, కోర్టులో సాక్ష్యం ఎలా చెప్పాలి అన్న విషయాలు సామాన్యుడికి భయం గొలిపేవి. ఠాణాలో పని చేసినవ్యక్తికి అవి తెలిసిన విషయాలవుతాయి. ఆ జ్ఞానం అతనితో ఊరికి వెళ్తుంది. రెండవది నైపుణ్యం. ప్రథమచికిత్స, వాహనచోదన, ట్రాఫిక్ నియంత్రణ, కంప్యూటరు పని ఇందులో చేరుతాయి. మూడవది సామాజిక గుర్తింపు. అణగారిన వర్గాలనుంచి వచ్చిన యువకుడికో, ఒంటరిగా కుటుంబాన్ని పోషించే స్త్రీకో ఖాకీ దుస్తులు ఊరిలో ఒక నిలకడైన స్థానాన్నివ్వగలవు. నాలుగవది ఉద్యోగానికి దారి. కానిస్టేబుల్ నియామకాల్లో హోంగార్డులకు కొంతభాగం కేటాయించే పద్ధతి తెలుగురాష్ట్రాల్లో ఉంది.

ఇవి నిజమైన ప్రయోజనాలే. అయితే మొదటి మూడూ స్వల్పకాలిక సేవలోనే చాలావరకు లభిస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి అదే పరిమాణంలో పెరగవు. నాలుగవది వయోపరిమితికి, దేహదార్ఢ్య పరీక్షలకు లోబడినది. నలభయ్యేళ్ళు దాటిన హోంగార్డుకు ఆ దారి దాదాపుగా మూసుకుపోయినట్టే. ఇరవయ్యేళ్ళు ఖాకీ ధరించిన తరువాత అతనికి మిగిలే ప్రశ్న వేరొకటి: అతను స్వచ్ఛంద సేవకుడా, ఉద్యోగా?

7. భత్యం: మాట మారకుండా మారిన అర్థం

హోంగార్డులు ట్రాఫిక్ కూడళ్ళలో, ఠాణాల్లో, డ్రైవర్లుగా, కార్యాలయ సహాయకులుగా నెలంతా పని చేయడం సాధారణమైంది. ఇతర ప్రభుత్వశాఖలకూ సంస్థలకూ వారిని డిప్యుటేషన్ మీద పంపుతారు. అత్యవసరకాలపు పిలుపు నిత్యవిధిగా మారింది. ప్రతిఫలం మాత్రం రోజు లెక్కనే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆ భత్యాన్ని రోజుకు 600 రూపాయల నుంచి 710 రూపాయలకు పెంచింది. నెలలో 30 రోజులూ విధిలో ఉంటే మొత్తం 18,000 నుంచి 21,300 రూపాయలకు పెరిగింది. భత్యాన్ని నెలసరి మొత్తంగా ప్రకటించడమే వాస్తవాన్ని చెబుతుంది. నెలకు 30 రోజులు లెక్క కట్టదగిన సేవను అప్పుడప్పుడు చేసే స్వచ్ఛందసేవ అనడం కష్టం.

2015 మార్చి 11న హిమాచల్‌ప్రదేశ్ హోంగార్డుల సంక్షేమసంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ సంధిస్థితినే ఎదుర్కొంది. హోంగార్డులు క్రమబద్ధమైన ఉద్యోగులు కారని, కాబట్టి సర్వీసు క్రమబద్ధీకరణను కోరలేరని తీర్పు చెప్పింది. అదేసమయంలో 30 రోజుల విధిభత్యం రాష్ట్ర పోలీసు సిబ్బంది కనీసవేతనానికి తగ్గకుండా ఉండాలని ఆదేశించింది. పేరు స్వచ్ఛందంగానే మిగిలింది. పనివిలువను మాత్రం పోలీసు ఉద్యోగి పనితో పోల్చి నిర్ణయించవలసి వచ్చింది. చట్టం ఉంచిన పేరుకూ ఆచరణ ఇచ్చిన అర్థానికీ మధ్యనున్న దూరాన్ని న్యాయస్థానం ఒకే తీర్పులో నమోదు చేసింది.

ఈ దూరం ప్రాణాంతకం కాగలదనడానికి ఉదాహరణ గోదావరి ఉపనది శబరి ఒడ్డునే ఉంది. కూనవరం వద్ద గోదావరిలో కలిసే శబరి వెంట ఎగువకు వెళ్తే చింతూరు దాటిన తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వస్తుంది. ఆ ప్రాంతంలో మావోయిస్టులతో పోరుకు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించారు. వారికి నెలకు ఇచ్చిన గౌరవ వేతనం 3,000 రూపాయలు. అయిదవ తరగతి చదివినవారికీ అర్హత కల్పించారు. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగం 14, 21 అధికరణాలను ఉల్లంఘిస్తున్నాయని తీర్పునిచ్చింది. చాలని చదువుతో, చాలని శిక్షణతో, చాలని వేతనంతో పేదయువకులను సాయుధపోరుకు పంపడాన్ని స్వచ్ఛందసేవ అన్న పేరు సమర్థించలేదని ఆ తీర్పు సారాంశం. ఆ హింసకు తాళలేక నది దాటి తెలుగునేల మీదికి వలసవచ్చిన గుత్తికోయ కుటుంబాలు ఈ చరిత్రకు సాక్షులు.

హోంగార్డు పరిస్థితి కుంట యువకుడి పరిస్థితితో సమానమని చెప్పడం సరికాదు. విధుల స్వభావం, ప్రమాదస్థాయి పూర్తిగా వేరు. రెండింటినీ కలిపే సూత్రం మాత్రం ఒకటే. గౌరవ వేతనం అనే మాట ఇచ్చేవారి బాధ్యతను తగ్గిస్తుంది, పుచ్చుకునేవారి హక్కును తగ్గిస్తుంది. వేతనం హక్కుగా అడగదగినది, గౌరవ వేతనం దయగా స్వీకరించవలసినది అన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. చేరేటప్పుడే నిబంధనలు తెలుసు కదా, ఇష్టపడి చేరినవారికి అన్యాయం ఎక్కడిది అని. ఆ వాదనలో కొంత బలముంది. అయితే నిబంధనలు అప్పుడప్పుడు చేసే విధికి రాసినవి. రోజూ చేసే విధిని ఆశించింది ప్రభుత్వం. ఒప్పందంలో మార్పు వచ్చింది సేవకుడి వైపునుంచి కాదు. పైగా రోజంతా విధిలో ఉండే వ్యక్తికి వేరొక వృత్తి నిలుపుకునే వీలుండదు. స్వచ్ఛందసేవకు పునాది అయిన ఆ వృత్తే తొలగిపోయిన తరువాత ఇష్టం అన్న మాటకు బలం తగ్గుతుంది.

8. ముగింపు

పై పరిశీలన ఈ కింది నిర్ధారణలకు దారితీస్తుంది.

- మాన్యం కాలంలో రక్షకసేవ భూమిహక్కుతో ముడిపడింది. ఆ హక్కును తెంచినప్పుడు విధేయత కూడా తెగిందని మన్యం చరిత్ర చూపుతుంది.

- ఉద్యమకాలంలో సేవకు ప్రతిఫలం గౌరవం. అది వ్యక్తిత్వాన్ని, నాయకత్వాన్ని పెంచింది. అయితే జీవనాధారం ఉన్నవారికే ఎక్కువగా అందింది.

- హోంగార్డు వ్యవస్థ మూలభావనలో ఈ రెండింటి మేలూ ఉంది. పౌరుడు తన వృత్తిని నిలుపుకుంటూ అవసరకాలంలో సేవ చేస్తాడు, పోగొట్టుకున్న సంపాదనకు పరిహారం పొందుతాడు.

- ఆ సేవ నిత్యవిధిగా మారినప్పటినుంచి ప్రయోజనంలో పెద్దవాటా ప్రభుత్వానికి చేరింది. శాశ్వత ఉద్యోగి బాధ్యతలు లేకుండా శాశ్వత ఉద్యోగి పని దానికి లభించింది.

వీటినుంచి ఆచరణకు సంబంధించిన సూచన ఒకటి వెలువడుతుంది. నేడు ఒకే పేరుకింద ఉన్న రెండు రకాల సేవలను విడదీయాలి. నెలంతా ఠాణాలోనో కూడలిలోనో పని చేసే వ్యక్తిని శ్రామికుడిగా గుర్తించి వేతనం, సెలవు, వైద్యం, పదవీవిరమణ రక్షణలు కల్పించాలి. వరదలకు, తుపానులకు, తీర్థాలకు మాత్రమే పిలిచే స్వచ్ఛందసేవకులను రైతులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, మత్స్యకారుల నుంచి వేరుగా సమీకరించి, ముందుగా శిక్షణనిచ్చి, పని ముగియగానే పరిహారంతో, కృతజ్ఞతతో ఇంటికి పంపాలి.

2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ రానున్నాయి. ఘాట్ల దగ్గర నిలబడేవారిలో ఎవరు ఉద్యోగులో, ఎవరు సేవకులో అప్పటికి ప్రభుత్వానికి స్పష్టంగా తెలిసి ఉండాలి. నిలబడిన వారికి అంతకంటే స్పష్టంగా తెలిసి ఉండాలి.